ఐదుగురి ఇల్లు ఎందుకు కట్టలేం?

పోయిన వానాకాలంలో మా బుడ్డోడికి జ్వరం వచ్చింది. ఆరేళ్ళవాడు. జ్వరమొస్తే వాడు మంచం దిగడు, నన్నూ దిగనివ్వడు. డాక్టరు గారు సిరప్ ఆరు గంటలకోసారి వేయమన్నారు. నేను ఎప్పట్లాగే ఒక కాగితం మీద 7, 1, 7, 1 అని రాసి ఫ్రిజ్‌కి అంటించాను. రాత్రి ఒంటిగంటకి అలారం పెట్టుకుని లేచేసరికి పక్కగదిలోంచి మా పెద్దది కూడా కళ్ళు నులుముకుంటూ వచ్చి నిలబడింది. దానికి తొమ్మిదేళ్ళు. ఇంట్లో ఎవరికి బాగోకపోయినా దానికి నిద్ర పట్టదు.

ఆ కాగితం కేసి చూసి అడిగింది. "అమ్మా, రోజూ అవే టైములు ఎందుకొస్తున్నాయి? ఐదు గంటలకోసారి వేసినా ఇలాగే వస్తాయా?"

వేళ్ళ మీద లెక్కపెట్టమన్నాను. పొద్దున్న 7, మధ్యాహ్నం 12, సాయంత్రం 5, రాత్రి 10, తెల్లవారుజామున 3, మర్నాడు పొద్దున్న 8. "రేపు 7కి రాలేదే!" అంది. ఎల్లుండి ఎప్పుడొస్తుందో చూడు అంటే 9 అంది. అలా జరుగుతూ జరుగుతూ మళ్ళీ పొద్దున్న 7కి రావడానికి సరిగ్గా ఐదు రోజులు పడుతుంది. ఈలోపు రోజులో ఉన్న 24 గంటల్లో ఒక్కదాన్నీ వదలకుండా తాకేస్తుంది. ఆరు గంటలకోసారి అయితే ఎన్నాళ్ళు వేసినా ఆ నాలుగు టైములే.

మందు మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నేను డిగ్రీలో చదువుకున్నది ఇదే కదా! గ్రూపులు, సబ్‌గ్రూపులు, కోసెట్లు. తెలుగు మీడియం పుస్తకాల్లో సమూహం, ఉపసమూహం అని ఉండేవి. ఆ తర్వాత ఎమ్మెస్సీలో హెర్‌స్టీన్ పుస్తకం. లాగ్రాంజ్ సిద్ధాంతం కళ్ళు మూసుకుని అప్పజెప్పేదాన్ని. ఆ పేపర్లో నాకు 82 మార్కులు వచ్చాయి. పిల్లలు పుట్టాక ఎన్ని జ్వరాలకి ఎన్నిసార్లు ఇలా టైములు రాసి ఫ్రిజ్‌కి అంటించానో! నేను రాస్తున్నది ఆ పాఠమేనని ఒక్కనాడూ తట్టలేదు. ఆ 82 మార్కులు ఎందుకిచ్చారో ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది.

మర్నాడు ఉత్సాహం ఆపుకోలేక చెప్పబోయి తప్పు చేశాను. అది ముందు చెప్పేస్తాను, మీరెవరైనా ప్రయత్నిస్తే నాలా చేయకండి.

సబ్‌గ్రూపు అంటే ఏమిటమ్మా అంటే, "మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు ఉంది కదా, అందులో మీ కజిన్స్‌ది వేరే చిన్న గ్రూపు ఉంది కదా, అలాంటిది" అన్నాను. ఎంత సులువుగా చెప్పేశానో అని మురిసిపోయాను కూడా. అది వెంటనే అర్థమైపోయింది అంది. అక్కడే అనుమానం రావాల్సింది నాకు. పెద్ద గుంపులోంచి ఏ నలుగుర్ని పట్టుకొచ్చినా చిన్న గుంపు అవుతుంది గానీ సబ్‌గ్రూపు అవదు. దానికి ఒక కట్టుబాటు ఉంది, అదే అసలు విషయం. నేను ఆ అసలు తీసేసి పేరు మాత్రం చేతిలో పెట్టాను. బియ్యం తీసేసి సంచీ ఇచ్చినట్టు.

వారం తర్వాత జ్వరం తగ్గాక మేడ మీద సుద్దముక్కతో ఇంత పెద్ద గడియారం గీశాను. ముల్లులు లేవు, 12 అంకెలు మాత్రమే. ఆట ఏమిటంటే, గడియారంలోని అంకెల్లోంచి కొందర్ని ఎంచుకుని ఒక ఇల్లు కట్టాలి. షరతు ఒక్కటే: ఆ ఇంట్లో ఏ ఇద్దర్ని కలిపినా, ఒకర్నే రెండుసార్లు కలుపుకున్నా, వచ్చే అంకె కూడా ఆ ఇంట్లోనే ఉండాలి. కలపడం అంటే గడియారం కలపడమే. 8కి 8 కలిపితే 16 కాదు, 8 గంటలకి ఇంకో 8 గంటలు గడిస్తే 4 అవుతుంది. 12 కలిపితే ఏమీ మారదు, అది ఈ ఊళ్ళో సున్నా.

బుడ్డోడికి కూడికలు ఇంకా తడబాటే. వాడు గెంతుతాడు. 12 దగ్గర నిలబడి నాలుగేసి గెంతితే 4, 8, మళ్ళీ 12. "ఇల్లొచ్చింది!" అని అరిచాడు. మూడేసి గెంతితే 3, 6, 9, 12. రెండేసి గెంతితే ఆరుగురు. ఐదేసి గెంతమన్నాను. 5, 10, 3, 8, 1, 6, 11, 4, 9, 2, 7, చివరికి 12. వాడి కాళ్ళు నొప్పి పుట్టాయి గానీ చిన్న ఇల్లు దొరకలేదు, ఊరంతా వాడి ఇల్లే అయిపోయింది. ఎనిమిదేసి గెంతితే ఏమవుతుందని పెద్దదాన్ని అడిగితే గెంతకుండానే చెప్పింది: "నాలుగు ఇల్లే. 8 ముందుకెళ్ళడం అంటే 4 వెనక్కి రావడమే కదా." నేను డిగ్రీలో విలోమం అని బట్టీ పట్టిన ముక్క అది. దానికెవరూ చెప్పలేదు.

తర్వాత అది తన సొంతంగా ఒక ఇల్లు కట్టింది: 1, 5, 9. చూడ్డానికి 4, 8, 12 లాగే ఉంది. మూడు అంకెలూ సమాన దూరంలో చక్కగా కూర్చున్నాయి. "ఇదీ ఇల్లే" అంది. వాట్సాప్ గ్రూపు లెక్క ప్రకారం దానిదే రైటు. 1, 5 కలిపి చూడమన్నాను. 6. ఇంట్లో లేదు. మొహం చిన్నబోయింది. "నువ్వు అప్పుడు కజిన్స్ గ్రూపులాంటిది అన్నావుగా?" అని నిలదీసింది. తప్పు చెప్పానే, అని ఒప్పుకున్నాను. పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం కష్టమేమీ కాదు గానీ, లెక్కల్లో ఎమ్మెస్సీ చేసినావిడ తొమ్మిదేళ్ళ పిల్ల ముందు ఒప్పుకోవడం కొంచెం చివుక్కుమనిపించింది.

ఇక్కడ ఒక పందెం వేశాను. "ఐదుగురితో ఇల్లు కట్టి చూపించు, రెండు ఐస్‌క్రీములు."

ఆ ఆదివారం మధ్యాహ్నమంతా నోట్‌బుక్కు పట్టుకుని కూర్చుంది. 12, 2, 4, 6, 8 అని రాసింది, 2కి 8 కలిపితే 10, కొట్టేసింది. 12, 3, 6, 9 లో ఇంకొకర్ని తెచ్చిపెట్టింది, ఆ ఒక్కరూ వెంట మొత్తం ఊరిని లాక్కొచ్చారు. సాయంత్రానికి కళ్ళలో నీళ్ళు. "నాకు లెక్కలు రావమ్మా, నీకు తెలుసుగా" అంది.

ఈ మాట అది కొత్తగా అన్నది కాదు. రెండో క్లాసు నుంచీ అంటోంది. ఎక్కాలు చెప్పేటప్పుడు తడబడుతుంది, టైము పెట్టి చేసే లెక్కలంటే చేతులు చల్లబడిపోతాయి. దానికోసం అబాకస్ క్లాసులో చేర్పించాం, మాన్పించాం. ఒకసారి కోపంలో "అమ్మ ఎమ్మెస్సీ చదివి నువ్విలాగా" అని నోరు జారాను. అది తల దించుకునే, "నువ్వు కూడా వదిలేశావుగా" అంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. వెక్కిరింపుగా అనలేదది, నిజంగానే అలా అనుకుంటోంది. లెక్కలు రానివాళ్ళు వదిలేస్తారు, అమ్మ వదిలేసింది, అంటే అమ్మకీ రావు.

అందుకే ఆ సాయంత్రం ఐస్‌క్రీము ఇచ్చి ఊరుకోబెట్టబుద్ధి కాలేదు. కళ్ళు తుడిచి మేడ మీదికి తీసుకెళ్ళాను. 4, 8, 12 ఇంటికి ఎర్ర సుద్ద పెట్టాను. "ఇల్లంతా ఒక గంట ముందుకి జరుపు" అన్నాను. 5, 9, 1. "ఇది నేను కట్టింది!" అంది. అవును, ఇల్లు కాదు గానీ ఇంటికి అచ్చు నకలు. దానికి పసుపు. ఇంకో గంట జరిపితే 6, 10, 2. ఇంకోటి 7, 11, 3. ఇంకా జరిపితే మళ్ళీ ఎర్రదే. నాలుగు రంగులు, ఒక్కో రంగులో ముగ్గురు. ఎవరూ మిగల్లేదు, ఎవరూ రెండు రంగుల్లో లేరు. ఒకరు రెండు చోట్ల ఎందుకు ఉండరని అడిగితే కాసేపు ఆలోచించి, "9 రెండింట్లోనూ ఉంటే అక్కడ్నుంచి నాలుగేసి గెంతితే రెండింటికీ వాళ్ళే వస్తారు, అప్పుడు రెండూ ఒకటే కదా" అంది.

మరి ఐదుగురి ఇల్లు ఉంటే, దాని నకళ్ళలోనూ ఐదుగురేసి ఉండాలిగా? అన్నాను. అంతే. 12 లడ్డూలు ఐదేసి చొప్పున పళ్ళేల్లో పెడితే రెండు పళ్ళేలు నిండి రెండు లడ్డూలు మిగులుతాయని దానికి తెలుసు.

"అయితే అది రానే రాదు! నువ్వు చీటింగ్!" అని నా మీద పడి కొట్టింది. అంతలోనే ఆగి, "అయితే నేను చేసింది తప్పు కాదా?" అని అడిగింది.

ఎప్పుడైనా గమనించారా, మన పిల్లలకి ఇచ్చే ప్రతి లెక్కకీ జవాబు ఉంటుంది. వెనక పేజీలో ఉంటుంది. రాకపోతే తప్పు పిల్లదే. "ఇది కుదరదు, ఎందుకు కుదరదో నేను చెప్పగలను" అనడం కూడా జవాబేనని ఏ వర్క్‌బుక్కూ చెప్పదు. మా పిల్ల రెండో క్లాసు నుంచీ "రాదు" అన్న మాటని తన గురించే వాడుతోంది. మొదటిసారి ఆ మాట లెక్క గురించి అంది. నాకు అంతకంటే ఏం కావాలి?

ఈ సంగతి మా వదినకి చెప్తే, "మూడో క్లాసు పిల్లకి డిగ్రీ పాఠాలెందుకు? ముందు ఎక్కాలు సరిగ్గా రానీ" అన్నారు. ట్యూషన్ టీచరు గారైతే, సిలబస్‌లో లేనివి చెప్తే పిల్ల కన్‌ఫ్యూజ్ అవుతుందని మర్యాదగా మందలించారు. వాళ్ళిద్దరూ దాని మంచి కోరే అన్నారు. ఎక్కాలు రావాల్సిందే, నేను కాదనను. మా ఇంట్లో ఇప్పటికీ రోజూ ఎక్కాలు నడుస్తున్నాయి. కానీ ఎక్కాలన్నీ వచ్చాకే ఆలోచించే లెక్కలు అనేది మాత్రం నేను ఒప్పుకోను. రాగాలు, తాళాలు అన్నీ పూర్తయ్యేదాకా పిల్లకి పాట వినిపించకుండా ఉంచుతామా? అక్షరాలు దిద్దించడానికి ముందే కథలు చెప్తాం కదా. లెక్కల దగ్గరికి వచ్చేసరికే మనకి ఈ వరస పట్టింపు.

ఇంకో మాట. ఇవి పెద్ద పాఠాలు అని మనం అనుకుంటున్నది వాటి పేర్లు చూసి. లాగ్రాంజ్ అనే ఆయన సమీకరణాల మీద పని చేస్తూ ఈ భాగాహారం సంగతి పట్టుకున్నది 1770-71 ప్రాంతంలో. అప్పటికి గణితంలో గ్రూపు అన్న మాటే లేదు. ఆ మాట గాల్వా అనే కుర్రాడితో వచ్చింది, ఇరవయ్యేళ్ళకే 1832లో తుపాకీ గుండుకి పోయాడు పాపం. అంటే పేరు కంటే అరవయ్యేళ్ళ ముందే విషయం ఉంది. చరిత్రలో అలా జరగ్గా లేనిది, మా మేడ మీద పేరు లేకుండా విషయం ముందు వస్తే తప్పేమిటి? మా పిల్లలకి ఇప్పటికీ అవి "ఇళ్ళు", "నకళ్ళు". సబ్‌గ్రూపు, కోసెట్ అని వాళ్ళు కాలేజీలో వింటారు లెండి, అప్పుడు పాత చుట్టాల్ని చూసినట్టు ఉంటుంది.

అయితే సులువుగా చెప్పడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. వాట్సాప్ దెబ్బ తిన్నాక ఈ తేడా నాకు బాగా తెలిసింది. ఉదాహరణకి మా గడియారంలో 12ని భాగించే ప్రతి అంకెకీ ఒక ఇల్లు దొరికింది: 1, 2, 3, 4, 6, 12. పెద్దది వెంటనే "ఎక్కడైనా ఇంతేనా?" అని అడిగింది. అవునంటే ఎంత బాగుండేదో, కథ సుఖాంతం. కానీ కాదు. నాలుగు త్రిభుజాల ముఖాలున్న పిరమిడ్ బొమ్మని తిప్పి మళ్ళీ అదే చోట కూర్చోబెట్టే పద్ధతులు కూడా లెక్కకి 12 ఉన్నాయి, వాటిలో ఆరుగురి ఇల్లు మాత్రం ఉండదు. అది దానికి వివరించడం నా వల్ల కాదు. "గడియారాల్లో అంతే. వేరే ఊళ్ళలో అన్నిసార్లూ కాదు, పెద్దయ్యాక చూద్దువు" అన్నాను. సగం చెప్పడం ఫరవాలేదు, మిగతా సగం ఉందని చెప్తే చాలు. వంటయినా అంతేగా, పిల్లకి మొదట పోపు నేర్పిస్తాం, కూరంటే ఇదే అని చెప్పం.

మీలో చాలామంది నాలాంటివాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. బోటనీయో, కెమిస్ట్రీయో, కామర్సో చదివి, సర్టిఫికెట్లు బీరువాలో చీరల కింద పెట్టి, ఎవరైనా అడిగితే "ఎప్పటి చదువులెండి" అనేసేవాళ్ళు. పెళ్ళిళ్ళలో మా వారి తరఫు పెద్దాయన ఒకరు నన్ను చూపించి "ఎమ్మెస్సీ చదివి పప్పు చేస్తోంది" అని ప్రతిసారీ జోకు వేస్తారు. నేనూ నవ్వేస్తాను. ఆల్జీబ్రాకి కొత్త రూపం ఇచ్చిన ఎమ్మీ నోతర్ అనే జర్మనీ ఆవిడ ఏళ్ళ తరబడి జీతం లేకుండా పాఠాలు చెప్పింది. గొట్టింగెన్‌లో కొన్నాళ్ళు హిల్బర్ట్ గారి పేరు మీద ప్రకటించిన క్లాసుల్ని తను చెప్పింది, ఆడది కాబట్టి. 1933లో ఆ ఉద్యోగమూ తీసేశారు, యూదురాలు కాబట్టి. నన్ను ఆవిడతో పోల్చుకోవట్లేదు, కళ్ళు పోతాయి. జీతం రాని చోట చదువు చచ్చిపోయినట్టే అని నేను ఇన్నాళ్ళు నమ్మాను చూడండి, దాని గురించి చెప్తున్నా. నేను నమ్మాను కాబట్టే మా పిల్లా నమ్మింది.

దీనివల్ల మార్కులు పెరిగాయా అని అడుగుతారు, తెలుసు. పెరగలేదు. మొన్న యూనిట్ టెస్ట్‌లో 50కి 31. భాగాహారంలో అప్పు తేవడం మర్చిపోయింది. మా వారు ప్రోగ్రెస్ కార్డు చూసి నావైపు చూశారు, నేను కిటికీవైపు చూశాను. కానీ పేపరు ఇచ్చిన రోజు అది ఏడవలేదు. తప్పులు ఎక్కడున్నాయో తనే వెతుక్కుని, "అమ్మా, ఇవి వచ్చే లెక్కలే, నేను చూసుకోలేదు" అంది.

ఇప్పుడు ఇంట్లో కొత్త గొడవ. మా అత్తయ్యగారు పిల్లలకి చుండ్రు పడుతోందని మూడు రోజులకోసారి తలకి పోయాలని నియమం పెట్టారు. దాంతోపాటు మంగళవారం మాత్రం పోయకూడదు అన్నారు, అది ఆవిడ పట్టింపు. పెద్దది క్యాలెండరు ముందు నిలబడి పెదాలతో ఏదో గొణుక్కుంది. సోమ, గురు, ఆది, బుధ, శని, మంగళ.

"నానమ్మా, కుదరదు" అంది.

"ఏం కుదరదే?"

"వారంలో ఏడు రోజులు. ఏడులో చిన్న ఇల్లు లేదు. మూడేసి గెంతితే అన్ని రోజులూ వచ్చేస్తాయి, మంగళవారం కూడా. రెండేసి గెంతినా అంతే. రోజూ పోయాలి, లేకపోతే మంగళవారం పోయాలి."

"రోజూ పోస్తే మంగళవారం రాదా?" అన్నారు ఆవిడ, అది నిజమే మరి. పెద్దది కాసేపు తల గోక్కుని, "అవును, అదీ కుదరదు" అని నవ్వేసింది.

అత్తయ్యగారు నా వైపు తిరిగి, "మంగళవారం వచ్చినప్పుడు బుధవారానికి జరిపితే సరిపోదుటమ్మా, దీనికింత లెక్కెందుకు?" అన్నారు. జరిపితే అది మూడు రోజులకోసారి అవదు నానమ్మా అని అది, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకే అని ఆవిడ. బుడ్డోడేమో ఈ సందట్లో తలంటు తప్పించుకుని మేడ మీదికి పరిగెత్తాడు.